ల్యాంప్ రూంల నన్ను ఏలియన్ అనుకున్నరు

నేను ఏలియన్ గాదని నిన్న పొద్దున ముప్పై మంది ముందట రుజువు చేసుకోవాల్సొచ్చింది. రుజువైతే అయింది గానీ ఇజ్జత్ పోయింది. తప్పు నాదే, జర ఇనుండ్రి.

సోమవారం మా బొగ్గుబాయి మీద సేఫ్టీ మీటింగ్. ఫోన్ మోసాల మీద ఎవరన్న మాట్లాడాలె అన్నరు. మైకు చూస్తే నేను ఊకుంటనా? మా బిడ్డ హైదరాబాద్‌ల కంప్యూటర్ల సెక్యూరిటీ చూసే కొలువు చేస్తది. ఏం చెప్పాలె అని అడిగితే, "ఆపద ఎట్లొస్తదో ముందే లెక్కేసుకోవాలె, దాన్ని థ్రెట్ మోడలింగ్ అంటరు నాయిన, నాలుగే ప్రశ్నలు" అన్నది. మన దగ్గర ఏమున్నది, దానికోసం ఎవడొస్తడు, ఎట్లొస్తడు, మనమేం చెయ్యాలె. గింతే.

గింతే చెప్తే మావోళ్లు కూసున్నకాడనే పంటరు. అందుకే అంతరిక్షం కతలు కలిపిన. దుమ్ము లేకుండ చెయ్యమని రోబోకు చెప్తే, దుమ్ము లేపేది మనమే గదా అని మనల్నే ఊడ్చేస్తది, ఆర్డర్ల కూడ ఆపద ఉంటది అన్న. దానికి రోబో దాక ఎందుకు, మన ఆఫీసర్లు చాలు అని ఎనుకకెల్లి ఎవడో అన్నడు. ఇగ నాకు ఊపొచ్చింది. ఏలియన్ ఎవరి రూపంలనన్న వస్తడు, నా రూపంల సుత వస్తడు, మొఖం చూసి నమ్మొద్దు, అసలోనికే ఎరుకున్న ముచ్చట అడుగాలె అన్న. మస్తు చప్పట్లు. ల్యాంప్ రూంల టోపీ లైట్లిచ్చే సలీం భాయ్ అయితే కాయితం మీద రాసుకున్నడు.

నిన్న మొదటి షిఫ్టుకు ఐడీ కార్డు ఇంట్ల మర్చిపోయి పోయిన. ఫికర్ ఏముంది, ఇరవై ఏండ్లసంది సలీం నా మొఖం చూసే లైటిస్తడు. లైటు లేకుంటే బాయిల దిగనియ్యరు. ఈ వారం ఇప్పటికే డ్యూటీకి రాక ఒక నాగ పడ్డది, ఇంకోటి పడితే డబుల్ జీతమొచ్చే ఆదివారం డ్యూటీ గోవిందా. లోపలికి దిగే టైముకు ఐదు నిమిషాలున్నది.

"మొఖం చూసి నమ్మొద్దన్నవు గదా భాయ్," అన్నడు సలీం కిటికీలకెల్లి. నా ఎనుక పెద్ద లైను.

"సరే, జల్ది అడుగు."

"పోయిన గురువారం నా టిఫిన్ ఖాళీ అయింది యాదున్నదా? అండ్ల ఏం కూర ఉండె?"

యాదుండదా. ఆ రోజు దొంగను వెతికినోళ్లల్ల నేనే ముందున్న. నాలుగు తిట్లు తిట్టిన సుత. పిల్లి పనే అని తేల్చింది కూడ నేనే. ఇప్పుడు చెప్తే దొంగను, చెప్పకుంటే ఏలియన్ను. ఏలియన్‌కు మస్టర్ల హాజరు పడదు.

"కీమా," అన్న మెల్లగ.

"ఇనవడ్తలేదు భాయ్."

"మెంతికూర కీమా. ఉప్పు జర తక్కువుండె."

సలీం లైటు నా చేతుల పెట్టిండు. "అసలోడే. పోనియ్యుండ్రి," అన్నడు.

ఇయ్యాల పోయి చూస్తే ల్యాంప్ రూం గోడకు నా నాలుగు ప్రశ్నలు అంటిచ్చి ఉన్నయ్. మన దగ్గర ఏమున్నది: టిఫిన్. ఎట్లొస్తడు: చాయ్ తాగుదామనుకుంట. మనమేం చెయ్యాలె: తాళమెయ్యాలె. ఎవడొస్తడు అన్నకాడ మాత్రం ఏం రాయలే. మీటింగుల మైకు పట్టుకున్న నా ఫోటో పెట్టిండు.