చెరువుకి దారి

మా ఆయనతో ఊరి బయటికి వెళ్లడమంటే నాకు ఒళ్లు మండేది. పక్కన పెళ్లాం నడుస్తోందన్న ధ్యాసే ఉండదు మనిషికి. దారిలో చెరువు కనిపిస్తే చాలు, నిలబడిపోతాడు. గట్టు ఎంత ఎత్తుంది, గట్టు దాకా లారీ పోతుందా, నీళ్ల మీద గుర్రపుడెక్క ఎంత మందాన అల్లుకుంది, అన్నీ చూసుకుని, తనలో తనే తలూపుకుంటేగాని కదలడు. "నన్నెప్పుడైనా అంత మనసు పెట్టి సూసినావేటి?" అని ఓసారి అడిగేశాను. "నువ్వు ఎండిపోవు గదే" అన్నాడు. దానికి కోప్పడాలో నవ్వాలో తెలీక కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

ఆయనది దమ్‌కల్లో ఉద్యోగం. కలకత్తాలో మంటలార్పే బండిని, ఆఫీసుని, మనుషుల్ని అన్నిటినీ కలిపి ఆ ఒక్క మాటే అంటారు. శ్రీకాకుళం పక్క నుంచి వచ్చిన మావాళ్లంతా ఓడరేవులో మూటలు మోస్తుంటే, ఈయన ఒక్కడూ ఆ ఎర్రబండి ఎక్కాడు. బండి తోలడం, అక్కడికి చేరాక పంపు నడపడం రెండూ ఆయన పనే. నిప్పంటే భయం లేదుగాని నీళ్లంటే ఎప్పుడూ బెంగే. బండి మోసుకెళ్లే నీళ్లు ఎసట్లో బియ్యం ఉడికేలోపే అయిపోతాయట. పట్నంలో అయితే వీధిలో ఉన్న గంగనీళ్ల గొట్టానికి తగిలించుకోవచ్చు, వస్తే వచ్చినట్టు. పల్లెల పక్క ఆ గతీ లేదు. చెరువు ఒక్కటే దిక్కు. చెరువు కనబడితే సరిపోదు, బండి గట్టెక్కి నిలబడాలి. నీళ్లు పీల్చే గొట్టం లావుగా, పొట్టిగా ఉంటుంది, దూరం నుంచి అందదు. ఇదంతా నాకు పెళ్లయిన కొత్తలోనే, ముద్దూమురిపెం చెప్పుకోవలసిన వేళ చెప్పాడు.

ఆయన అప్ప ఉండేది అలాంటి పల్లెపక్కనే. అక్కని మావాళ్లు అప్ప అంటారు. గార్డెన్ రీచ్ దాటి బస్సు ఆగిపోయిన చోట దిగి, ఇంకా నడవాలి. పేరుకి కలకత్తాయేగాని అక్కడన్నీ అరటితోపులు, మేకలు, వెదురుతడికల గోడలు, ఆకు కప్పులు. మన తెలుగువాళ్ల ఇళ్లు రెండు వరసలు. వరసల వెనక చెరువు. రెండు వరసల మధ్య లారీ పట్టేంత సందు ఒకటి, అదే చెరువుకి దారి. ఆ అప్పే నాకు వదిన. ఆవిడ మొగుడు ఓడరేవులో పనిచేస్తూ పోయాడు. ఆవిడ బజార్లో చేపలమ్మి బతికేది. తల్లి ముఖం ఎరగని తమ్ముణ్ని ఆ చేపలబుట్ట పక్కనే కూర్చోబెట్టుకుని పెంచింది. తమ్ముణ్ని తిట్టకుండా పలకరించడం ఆవిడకి రాదు. "వొచ్చినావేటిరా ఎదవా, అప్ప సచ్చిందేమో సూద్దామనా?" అనేది గుమ్మంలోనే. ఆ తిట్టు వినగానే ఈయన ముఖం వెలిగిపోయేది. నేను మాత్రం ఆవిడ తిట్లకి అలవాటు పడడానికి చాలా ఏడ్చాను.

ఆ చెరువు మీద పక్క పాడాలోని, అదే పక్క పేటలోని, క్లబ్బు కుర్రాళ్ల కన్ను పడింది. పూడ్చేసి మైదానం చేస్తే దుర్గాపూజకి పందిరి వేసుకోవచ్చు, తర్వాత మేడ లేపేవాడు ఎవడో ఉండనే ఉన్నాడు. ఒకరోజు లారీ వచ్చి బూడిద, ఇటికముక్కలు గట్టున దింపి వెళ్లింది. పార్టీ ఆఫీసుకి వెళ్లి చెప్పుకుంటే, చూస్తాం దీదీ, కూర్చోండి దీదీ అని టీ ఇచ్చి పంపారు. టీ తాగి వచ్చిన మా వదిన ఎవరికీ చెప్పకుండా ఓ పని చేసింది. వరస చివరున్న తన ఇల్లు విప్పుకుని, తడికలు, రాటలు మోసుకొచ్చి, సరిగ్గా ఆ సందులో అడ్డంగా కట్టేసుకుంది. పక్కన మిగిలిన ఖాళీలో రాయి నిలబెట్టి, పసుపు రాసి, అసిరితల్లి అంది. వేపకొమ్మ పాతింది. ఆడాళ్లంతా ముర్రాటలు పోశారు. పసుపు, వేపాకు కలిపిన ఆ నీళ్లు పోస్తే తల్లి చల్లబడుతుందని మావాళ్ల నమ్మకం.

లారీ మళ్లీ వచ్చింది, నిలబడింది, వెనక్కి పోయింది. ఆ కుర్రాళ్లు ఎర్రజెండా పట్టుకుని ఊరేగేవాళ్లే, అయినా తల్లి ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టి మరీ పోయారు. మా వదిన ఆ వారమంతా బజార్లో మహారాణిలా నడిచిందనుకోండి. నాకూ భలే గర్వమేసింది.

ఈయన ఒక్కడే ముఖం మాడ్చుకున్నాడు. "అప్పా, లారీ రాకుండా కట్టినావు. మరి మా బండి ఎలాగొస్తాది?" అన్నాడు.

"నీ బండి ఇక్కడికెందుకొస్తాదిరా? శుభం పలకరా అంటే ఇదేటిరా నీ నోరు!" అని చేతిలో ఉన్న చేపలకత్తి నేలకేసి కొట్టింది. నేను కూడా ఆవిడనే సమర్థించాను. అంతమంది చెరువు దక్కిందని సంబరపడుతుంటే ఈయన ఒక్కడిదీ అపశకునం మాటలా అనిపించింది.

అలా ఓ రెండు ఎండాకాలాలు బాగానే జరిగాయి. ఆ మరుసటి ఏడు, ఎండాకాలం సాయంత్రాల్లో రావలసిన గాలివానలు ముఖం చాటేశాయి. ఆకుకప్పులు అప్పడాల్లా ఎండిపోయాయి. తల్లికి ముర్రాటలు పోస్తున్నారంటే నేనూ వెళ్లాను. ఈయన డ్యూటీలో ఉన్నాడు. అన్నాలవేళ ఎవరో బొగ్గులపొయ్యి దులిపారు, రవ్వ తడికనంటుకుంది. చూస్తుండగానే ఇల్లూ, పక్కిల్లూ అంటుకున్నాయి. ఓలమ్మో, ఓలిబాబో అంటూ జనం. బిందెలు, బకెట్లు, ముర్రాటల కుండలు, ఏది దొరికితే దానితో పోశాం. పోసిన నీళ్లు పోసినట్టే ఆవిరైపోయేవి. ఇళ్ల మధ్య దూరే సందులు మనిషి పట్టేంతే, నీళ్లు మోసేవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకోవడంతోనే సరిపోయింది.

గంట మోగించుకుంటూ బండి వచ్చింది. తోలుతున్నది మా ఆయనే. ప్రాణం లేచొచ్చింది నాకు. నీళ్లు ఎగజిమ్మాయి, మంట ఒంగింది, అమ్మయ్య అనుకున్నాను. అంతలోనే గొట్టం నీరసంగా నేలకి ఒరిగిపోయింది. ట్యాంకు ఖాళీ. చేత్తో మోసుకెళ్లే చిన్నపంపు ఆ వేళ ఇంకో బండితో ఎక్కడికో పోయింది. ఒంగిన మంట మళ్లీ లేచింది. బెంగాలీ ఆఫీసరు చెరువెక్కడని కేకేశాడు. ఎక్కడో ఈయనకి తెలీదూ! వదిన ఇంటివైపు చెయ్యి చూపించాడు. "తొక్కించెయ్" అన్నాడు ఆఫీసరు.

ఈయన స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈయనకి ముందు అప్ప ఇల్లు, వెనక మంటలు. నేను బండి పక్కనే నిలబడి ఉన్నాను. పొమ్మనడానికి నోరు రాలేదు, ఆగమనడానికీ రాలేదు.

వదిన పరుగెత్తుకెళ్లి తల్లి రాయిని పెకలించి, పసిబిడ్డనెత్తుకున్నట్టు కొంగులో ఎత్తుకుంది. పక్కకి తప్పుకుని తమ్ముడి మీద విరుచుకుపడింది. "గుడ్లప్పగించి సూస్తన్నావేటిరా ఎదవా! తొక్కీయి! కట్టినదాన్ని నేను, మల్లీ కట్టనేననుకున్నావేటి?"

బండి కదిలింది. రాటలు విరిగిన చప్పుడు, లోపల ఇత్తడి గిన్నెలు నలిగిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. బండి గట్టెక్కి నిలబడింది. గుర్రపుడెక్క గొట్టంలో అడ్డం పడకుండా బుట్ట కావాలని ఈయన అరిచాడు. శిథిలాల్లోంచి తన చేపలబుట్ట లాగి విసిరింది వదినే. గొట్టం మూతిని ఆ బుట్టలో పెట్టి చెరువులో దించారు. ఇంక నీళ్లకి లోటేముంది? మొదటి నాలుగైదు ఇళ్లు పోయాయి, మిగతా రెండు వరసలూ దక్కాయి. అన్ని ఇళ్లవాళ్లూ వదిన కాళ్లకి దణ్ణాలు పెట్టారు. ఆవిడ మాత్రం నలిగిన గిన్నెలేరుకుంటూ తమ్ముణ్ని తిడుతూనే ఉంది. తిడుతూనే ఆయన మసిముఖం కొంగుతో తుడిచింది.

మర్నాడే ఆవిడ మళ్లీ అక్కడే రాటలు పాతడం మొదలుపెట్టింది. ఈయన వెళ్లి గునపం పట్టుకున్నాడు. "అప్పా, ఈ ఒక్కసారికి నా మాటిను. ఇక్కడ కట్టకు, దారి ఒగ్గీయి. మల్లీ నిప్పంటుకుంటే బండి తిన్నగా నీల్లకాడికి పోవాల" అన్నాడు.

"లారీలొస్తాయిరా" అంది.

"రావప్పా. ఇంత మంట కళ్లారా సూసినాక చెరువు కప్పడానికి ఎవడికి మనసొస్తాది?"

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడి మాట ఆవిడ విన్నది అదొక్కసారే. వరస చివర పాత జాగాలోకి వెళ్లి కట్టుకుంది. తల్లిని కూడా తన గుమ్మం పక్కకి తీసుకుపోయింది. నేను ఈయన్ని మెచ్చుకున్నాను కూడా, బాగా చెప్పావని.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. కాలిపోయిన ఇళ్లకి వెదుళ్లు, పెంకులు ఇచ్చింది ఆ క్లబ్బువాళ్లే. పాపం, నిజంగానే దగ్గరుండి కట్టించారు. వానాకాలం వెళ్లగానే అదే దారిన లారీలొచ్చాయి. ఈసారి అడ్డంగా కూర్చోడానికి వదిన తప్ప ఎవరూ రాలేదు. పైన పెంకు ఇచ్చినవాడితో ఏం పోట్లాడతారు? ఒక్కర్తే కూర్చుంటే, "లే దీదీ, ఎండలో కూర్చోకు" అని మర్యాదగా చేతులు పట్టి లేపి, నీడలో కూర్చోబెట్టారట. ఈయన తన ఆఫీసులో పెద్దల చెవిలో వేశాడు. చెరువుల సంగతి మనది కాదన్నారు. మరి ఎవరిదయ్యా? మంట మీది, నీళ్లు మీవి కావా? ఇది నేను ఇంట్లో అరిచిన అరుపు, ఈయన తప్ప వినేవాడెవడూ లేడు. బూడిద, ఇటికముక్కలు, ఊడ్చిన చెత్త, ఏది దొరికితే అది పోశారు. చెరువు చదునైపోయింది. మేకలు తిరిగాయి, కుర్రాళ్లు బంతాడుకున్నారు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఆ వేళ నేనక్కడ లేను. ఈయన చెప్పగా విన్నదే. పొద్దుండగానే ఇంటికొచ్చాడు. బూట్లు విప్పలేదు, గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఒళ్లంతా మసి. ఎక్కడ అని అడిగాను.

"మనుసులు బయటపడ్డారు" అన్నాడు ముందు. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పాడు. బండి ఎక్కడా ఆగలేదట. ఆ సందులోంచి సుఖంగా, తిన్నగా పోయింది. ట్యాంకులో నీళ్లు ఎప్పట్లాగే అయిపోయాయి. బండి నిలబడిన చోటు సరిగ్గా ఒకప్పటి చెరువు నడిమధ్య. నీళ్లు మోసుకుని రెండో బండి వచ్చేసరికి రెండు వరసల్లో ఒక్క కప్పు మిగల్లేదు. అప్ప ఇల్లు కూడా.

మంట మండుతుండగా అప్ప పరుగెత్తుకుంటూ వచ్చిందట, చేతిలో చేపలబుట్టతో. చెరువు లేదని ఆవిడకి తెలియక కాదు. కంగారులో చేతులకి పాత పనే గుర్తొచ్చింది. బండి దాకా వచ్చి, కింద ఎండిన బూడిదమన్ను చూసి, ఆగిపోయిందట.

"ఏటందీ?" అన్నాను.

"'ఇప్పుడు దారి బాగుందిరా తమ్ముడా' అంది." ఈయన నా వైపు చూశాడు. ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అంతేనే. ఒక్క తిట్టు తిట్టనేదు."