ఆయన దాచుకున్న యాస

ఆ ఇంగ్లీషు నటుడి దగ్గర నేను రెండేళ్ళకు పైగా పనిచేశాను. ఆయన మీద కక్ష తీర్చుకున్నాక మానేశాను.

మేముండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో. అట్లాంటా చుట్టుపక్కల స్టూడియోలు పెరిగాక, ఫిల్మ్ కోర్సు చదివిన నాలాంటి వాళ్ళకు ఇల్లు వదలకుండానే పని దొరకసాగింది. ఒక పెద్ద సిరీస్‌లో కుటుంబ పెద్ద వేషానికి ఆయన్ని ఇంగ్లండ్ నుంచి పిలిపించారు. ఆయనకు అసిస్టెంట్‌గా నన్ను పెట్టారు. పొద్దున్నే పికప్ చేసుకోవడం, క్యారవాన్‌లో నిమ్మకాయ పిండిన వేడినీళ్ళు సిద్ధంగా పెట్టడం, షాట్‌కు ముందు ఎదుటి పాత్ర డైలాగులు చదివి ఆయన చేత లైన్లు చెప్పించడం నా పని. ఎవరి పేరూ గుర్తుండదు గనక అందరినీ డార్లింగ్ అనేవాడు. నన్ను కూడా అంతే.

ఆయన సినిమాల్లోకి రాకముందు నాటకాల మనిషి. తొలి సినిమాలో సైనికాధికారి. తర్వాత జమీందార్లు, జడ్జీలు, ఒకసారి రాజు. ఇక్కడి సినిమాల్లోకి వచ్చాక అందమైన ఇంగ్లీషు మాట్లాడే విలన్లు. ఆ గొంతు వింటే ఎవరైనా ఏదో పెద్ద బంగళాలో పుట్టినవాడనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, వాళ్ళ చెల్లెలితో ఫోన్లో మాట్లాడగా వినేదాకా. ఆమెతో మాట్లాడేటప్పుడు ఆయన నోట్లోంచి వేరే మనిషి వచ్చేవాడు. బస్‌ని బుస్ అనేవాడు. లవ్‌ని లువ్ అనేవాడు. ఫోన్ పెట్టెయ్యగానే మళ్ళీ జమీందారు.

ఒక ఆదివారం, హోటల్ తిండి తినలేకపోతున్నానంటే మా ఇంటికి భోజనానికి పిలిచాను. అమ్మ గుత్తివంకాయ, పప్పుచారు చేసింది. ఆయన చేత్తో తిన్నాడు, ఆవకాయ రెండోసారి వేయించుకున్నాడు. నాన్నను ఎంత ముచ్చటగా మాట్లాడించాడంటే, మాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి నాన్న ఆరోజు చెప్పేశాడు.

ఈ దేశంలో నాన్న మొదటి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో. ఒక మీటింగ్‌లో లేచి, తన టీమ్ పనిలో తప్పులు 'జీరో' అని గర్వంగా చెప్పబోయాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆఖరిది మన నోటికి 'జ' గానే వస్తుంది కదా. ఎవరో ఆ మాటను అలాగే తిరిగి అన్నారు. గదంతా నవ్వింది. ఆరోజు నుంచి నాన్న అందరికీ 'మిస్టర్ జీరో'. పుట్టినరోజుకు కేక్ తెచ్చి, దాని మీద కూడా ఆ పేరును 'జె' తోనే రాయించారు. నాన్న నవ్వుతూ కేక్ కోసి అందరికీ పంచాడట. సాయంత్రం గరాజ్‌లో కారు ఆపి, లోపలికి రాకుండా అక్కడే కూర్చుని ఆ మాట పలకడానికి ప్రయత్నించాడట.

"ఇప్పటికీ ఆ మాట వచ్చే ముందు కాస్త ఆగుతాను సర్," అన్నాడు నాన్న. అంటూనే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఇబ్బంది పడ్డప్పుడల్లా అలాగే చేస్తాడు.

అప్పుడు ఆయన తన సంగతి చెప్పాడు. ఆయనది మిల్లుల ఊరు. వాళ్ళమ్మ నూలు మిల్లులో పనిచేసేది. నటన నేర్పే స్కూల్లో చేరిన కొత్తలో, టీచర్ ఆయన్ని కుర్చీ ఎక్కించి 'బస్, బటర్, మదర్' అని పదేపదే అనిపించి క్లాసును నవ్వించేవాడట. పట్టుబట్టి ఆ యాసను చంపుకున్నాడు. మొదటి నాటకానికి వాళ్ళమ్మ చెప్పకుండా వచ్చి, ఆట అయ్యాక లోపలికొచ్చి, తోటి నటుల ముందు ఆ యాసలోనే 'బాబూ' అని నోరారా పిలిచింది. ఈమె ఎవరని ఎవరో అడిగితే, మా బట్టలుతికే మనిషి అన్నాడట.

"ఆమె కాదనలేదు," అన్నాడు. "మాసిన చొక్కాలు ఎక్కడున్నాయని అడిగి, నిజంగానే పట్టుకెళ్ళింది."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

కొన్ని నెలల తర్వాత సిరీస్ ప్రచారం కోసం ఆయన ఒక టాక్ షోకు వెళ్ళాడు. అమ్మా నాన్నా టీవీ ముందు కూర్చున్నారు. జార్జియాలో ఎలా ఉందని అడిగితే, ఒక భారతీయ పెద్దమనిషి ఇంట్లో భోంచేశానని మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మా నాన్న గొంతు, మా నాన్న తల ఊపు, ఆ మీటింగ్, ఆ కేక్, ఆ గరాజ్. ఏదీ వదల్లేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నాన్న కదలకుండా చివరిదాకా చూసి, ప్లేటు సింక్‌లో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఆ క్లిప్ మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరింది. అది ఎవరి గురించో తెలియక నవ్వు బొమ్మలు పెట్టి నాన్నకే పంపించారు. ఆ వారం నుంచి ఆఫీస్ కాల్స్‌లో నాన్న మ్యూట్ తియ్యడం మానేశాడు. చెప్పాల్సిందంతా టైప్ చేసేవాడు. కారులోంచి కాఫీ ఆర్డర్ చెయ్యాలన్నా అమ్మను అడగమనేవాడు.

నేను ఆయన్ని క్యారవాన్‌లో నిలదీశాను. "అది మా నాన్న," అన్నాను.

ఆయన అద్దంలోంచే చూశాడు. "ప్రేమతోనే చేశాను డార్లింగ్. పేరు చెప్పలేదుగా. నటుడికి ఎదురైన మనిషల్లా ముడిసరుకే."

ఆ క్షణంలోనే ఉద్యోగం మానేసి ఉంటే నా కోపం అక్కడితో చల్లారిపోయేదేమో. మానలేదు. వేడినీళ్ళు పెట్టాను, లైన్లు చదివాను, నవ్వమన్నచోట నవ్వాను. చెల్లెలి ఫోన్ వచ్చినప్పుడు మాత్రం ఇదివరకటిలా బయటికి వెళ్ళడం మానేశాను. ఇస్త్రీ చేస్తున్నట్టు మూలన నిలబడి వినేదాన్ని. ఇంటికి డ్రైవ్ చేస్తూ ట్రాఫిక్‌లో ఆ యాసను నోటికి పట్టించుకున్నాను. పెదాలు ఎక్కడ గుండ్రమవుతాయో, మాట చివర ఎక్కడ మింగేస్తాడో, అన్నీ. నాకు అంత బాగా వచ్చిన పాఠం ఇంకోటి లేదు.

సిరీస్ అయిపోవస్తుండగా, అట్లాంటాలో సినిమా అభిమానుల సంఘం ఒకటి ఆయనకు సన్మానం పెట్టింది. పెద్దలు మాట్లాడాక ఒక చిన్న మనిషి సరదాగా మాట్లాడితే బావుంటుందని ఆయనే నా పేరు ఇచ్చాడు.

"రెండు ముక్కలు చాలు. నవ్వించు," అన్నాడు.

నవ్వించాను. స్టేజీ ఎక్కి, మిల్లుల ఊరినుంచి వచ్చిన ఒక కుర్రాడి కథ చెబుతానని మొదలుపెట్టి, ఆ కుర్రాడి గొంతులోనే చెప్పాను. బుస్, బుటర్, ముదర్. ఆయన భుజం ఎగరేసే తీరు, మాటకు ముందు ముక్కు నిమురుకునే తీరు. జనం మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత విరగబడి నవ్వారు. ఆ నవ్వు మీదే ఆ తల్లిని లోపలికి తీసుకొచ్చాను. బట్టలుతికే మనిషి అన్నాను. మాసిన చొక్కాలు పట్టుకెళ్ళిందన్నాను. హాల్లో నవ్వు చప్పున ఆగిపోయింది. నేను ఆయన పేరు చెప్పలేదు. అందరూ ఆయనవైపే చూశారు.

ముందు వరసలో ఆయన ముఖం చూశాను. అంతకాలం వేషాలు వేసిన ఆ ముఖానికి ఆ నిమిషంలో ఒక్క వేషమూ దొరకలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నేను నమస్కారం పెట్టి దిగాను.

పార్కింగ్‌లో నా వెనకే వచ్చాడు. "అది మీ ఇంట్లో, మీ నాన్న ఎదురుగా చెప్పుకున్న మాట," అన్నాడు. కోపంలో జమీందారు జారిపోయి మిల్లు కుర్రాడే మాట్లాడుతున్నాడు.

"అవును సర్. అక్కడ చెప్పుకున్నవి స్టేజీ మీద చెప్పుకోవచ్చని మీ దగ్గరే నేర్చుకున్నాను," అన్నాను. ఆయన కారు తాళాలు ఆయన చేతిలో పెట్టి, అమ్మకు ఫోన్ చేసి పికప్ చేసుకోమన్నాను.

ఇంటికెళ్ళి నాన్నకు అంతా చెప్పాను. మెచ్చుకుంటాడని ఆశపడ్డాను.

"ఆవిడేం చేసిందమ్మా?" అన్నాడు నాన్న. "ఆ తల్లిని మళ్ళీ ఎందుకు నిలబెట్టావ్ అందరి ముందూ?"

"నీకోసమే నాన్నా."

"నాకోసం అనకు. నీకోసం చేసుకున్నావ్. అది నిజమే అయితే సరే, దానికి నేనేం అనను."

నిజమే. నాకోసమే. ఇప్పుడడిగినా మళ్ళీ చేస్తాను.

ఆ తర్వాత జరిగిందే నేను ఊహించనిది. ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఇంగ్లండ్ దాకా వెళ్ళింది. పత్రికలు వెంటపడ్డాయి. ఆయన కొన్నాళ్ళు కనబడలేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో, తన సొంత యాసలో, తల్లి గురించి తనే చెప్పుకున్నాడు. వెనువెంటనే ఒక చిన్న సినిమాలో మిల్లు కార్మికుడైన తాత వేషం వచ్చింది. ఆ వేషానికి అవార్డు కూడా వచ్చింది. నేను కొట్టిన దెబ్బ ఆయనకు రెండో జీవితం ఇచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ అవార్డు ప్రసంగాన్ని నాన్న నా పక్కనే కూర్చుని చూశాడు. ఆయన తల్లిని తలుచుకుని ఏడిస్తే, "బాగా చేశాడు," అన్నాడు.

"నటనా, ఏడుపా?" అన్నాను.

నాన్న టీవీ కట్టేసి లేచాడు. ఈమధ్య ఆఫీస్ కాల్స్‌లో మళ్ళీ మాట్లాడుతున్నాడు, కాకపోతే కొన్ని మాటలు తప్పించి చుట్టూ తిరిగి వస్తాడు. పక్క గదిలోంచి నాకు వినబడుతూనే ఉంటుంది. అప్పుడు నేను ముందు వరసలో తెరుచుకుపోయిన ఆ నోటిని గుర్తు తెచ్చుకుంటాను. అవార్డు ఆయన దగ్గరుంది. ఆ ముఖం నా దగ్గరుంది.