మూడో సిలిండర్ మీద బొట్టు

జహీరాబాదులో ఇప్పుడు కారు లేని ఇల్లు తక్కువ, కారంటే ఏమిటో తెలిసిన మనిషి అంతకంటే తక్కువ. అల్లానికి ఒక్క ఏడాది మంచి ధర పలికితే చాలు, నిన్నటిదాకా ఎడ్లు కట్టేసిన కొట్టం ముందు నిలువెత్తు తెల్లబండి వచ్చి నిలబడుతుంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు ఏడాది గడిచినా తీయరు. కొత్తదని నలుగురికీ తెలియాలి కదా! అలాంటి ఊళ్లో నేను మా నాన్న కొన్న కారును ఇప్పటికీ నడుపుతున్నాను. న్యాల్‌కల్ వైపు మా తాత పటేలుగిరీ చేసిన ఊళ్లో మాకిప్పుడు గుంట భూమి లేదు. పటేలుగిరీని సర్కారు రద్దు చేసింది, భూమిని మావాళ్లు చేజేతులా పోగొట్టుకున్నారు. మిగిలింది ఈ కారు. దీన్ని కూడా పోనిచ్చే ఉద్దేశం నాకు లేదు.

కానీ ఒక ఏడాది దసరా వెళ్లిన వారానికి అది కూడా పోయేలా కనిపించింది. పాత బండి రోడ్డు మీద తిరగాలంటే ఐదేళ్లకోసారి రవాణా అధికారి ముందు పరీక్షకు నిలబెట్టాలి. నన్ను గురువారం పొద్దున రమ్మన్నారు. ఆదివారం కోహీర్ నుంచి వస్తుంటే ఇంజను తడబడింది. నాలుగు దెబ్బలు కొట్టవలసిన చోట మూడే కొట్టి ఒకటి మింగేస్తోంది. వెనక గొట్టంలోంచి ఫట్‌మని మోత, పచ్చి పెట్రోలు కంపు. ఆ తీరుతో వెళ్తే బండి పరీక్షలో తప్పుతుంది. తప్పిన బండికి మిగిలేది తుక్కు దుకాణమే.

ఆ సంగతి నాకన్నా ముందే మా చిన్నాయన కొడుకు గ్రహించాడు. వాడు ప్లాట్ల వ్యాపారి. అంటే, మా తాత దున్నించిన పొలాల్లాంటి పొలాల్లో సున్నం గీతలు గీసి వాటికి పువ్వుల పేర్లు పెడతాడు. సోమవారం పొద్దున్నే వచ్చాడు.

“అన్నా, తుక్కు సేటుతోని మాట్లాడిన. క్రేన్ ఆయనే తెచ్చుకుంటడట.”

“మాట్లాడమని నేను చెప్పిన్నా?”

“గురువారం ఫెయిలైనంక నువ్వే ఫోన్ చేస్తవ్. ఆ డబ్బాల కూసుంటే ఇజ్జత్ అనుకుంటున్నవ్ గాని, జనం నవ్వుతున్నరే.”

“నవ్వేటోళ్ల తాతలు మన తాత ముంగట చెప్పులు ఇడిచి నడిచిన్రు.”

“గా ముచ్చట ఇంజనుకు చెప్పు. జర ఇంటదేమో.”

వాడి నవ్వు కూడా వాడి వెంచరు లాంటిదే. చుట్టూ రంగురంగుల జెండాలు, లోపల ఏమీ ఉండదు.

మరునాడు ముంబై రోడ్డు మీద కొత్తగా వెలిసిన గ్యారేజీకి వెళ్లాను. అద్దాల గది, చల్లగాలి, గోడకు టీవీ. మేనేజరు చేతిలో పలకలాంటి యంత్రం పట్టుకుని వచ్చాడు.

“అంకుల్, స్కానర్ పెట్టాలె. సాకెట్ ఎక్కడుంది?”

నేను ఎవరికీ అంకుల్‌ని కాను. ఆ బండికి అలాంటి సాకెట్ ఉండదని చెప్పాను.

“మరి ప్రాబ్లం ఏందో ఎట్ల తెలుస్తది అంకుల్?” అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. చివరికి నాలుగు ప్లగ్గులూ తీసి కొత్తవి బిగించాడు. బండి అలాగే తడబడింది. ఇక ఇంజనే పోయిందని తేల్చి చెప్పాడు. ఇంజను శబ్దాన్ని ఒక్క నిమిషం నిలబడి విన్న పాపాన పోలేదు.

ఇక మిగిలింది బుధవారం. చెరకు లారీలు ఆగేచోట రేకుల షెడ్డులో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. ఆయన తండ్రి మా నాన్న దగ్గరికి వచ్చి ఈ బండిని బాగుచేసి వెళ్లేవాడు. కొన్నేళ్ల కిందట ఈయన నన్ను పాత టైరు చూపించి కూర్చోమన్నాడు. అప్పటినుంచి ఆ షెడ్డు వైపు వెళ్లలేదు. ఈసారి కూడా ఆయన ఆ టైరే చూపించాడు. నేను నిలబడే ఉన్నాను.

“సలాం, పటేల్ సాబ్. మిస్సింగ్ కొడ్తున్నది కదా? మీరు మూల తిరిగినప్పుడే ఇన్న.”

బండి ఆపవద్దని చెప్పి, ఒక పాత కాగితం తెచ్చి వెనక గొట్టం ముందు పట్టాడు. కాగితం సమంగా ఊగుతూ ఊగుతూ మధ్యలో ఒకసారి లోపలికి గుంజుకుపోయేది. తల ఊపి ముందుకొచ్చాడు. చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టసాగాడు. మొదటిది పీకితే ఇంజను ఇంకా కుంగింది. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు.

“మూడోది పండుకున్నది.”

మూడో ప్లగ్గును మొదటిదాని చోట, మొదటిదాన్ని మూడోదాని చోట పెట్టాడు. అయినా పడుకున్నది మూడోదే. వైర్లు మార్చినా మూడోదే. ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమి నన్ను ఒకసారి స్టార్టరు కొట్టమన్నాడు. వేలు ఎగిరిపడింది. “ఇంజన్ల దమ్మున్నది. ఫికర్ చెయ్యకుండ్రి” అన్నాడు. ప్లగ్గు బిగించి, బండి మళ్లీ స్టార్టు చేయించి, షెడ్డు పరదా దించి, తలమీదుగా గోనెపట్టా కప్పుకుని ఇంజను మీదికి వంగాడు. నన్నూ చూడమన్నాడు. ఆ చీకట్లో, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే నల్లటి క్యాపు మీద, మూడో వైరు మొదట్లో ఒక నీలిదారం వణుకుతూ పక్కనున్న ఇనుప క్లిప్పు మీదికి దూకుతోంది. ప్లగ్గుకు చేరవలసిన నిప్పు దారిలోనే పోతోంది.

బండి ఆపి ఆ చోటును గుడ్డతో తుడిచాడు. గుడ్డకు పసుపు, దానిమీద కుంకుమ అంటుకున్నాయి.

“బొట్టు ఎవరు పెట్టిన్రు, పటేల్ సాబ్?”

“మా డ్రైవర్.”

మాకు డ్రైవరు లేక ఇరవై ఏళ్లు. అది ఆయనకూ తెలుసు.

“అయితే డ్రైవర్ను పిలువుండ్రి. ఒక ముచ్చట అడగాలె. ఉత్త బొట్టే అయితే ఈ తుడుసుడుతోని అయిపాయె. కొబ్బరినీళ్లు గిట పోసి ఉంటె లోపట గూడ కాలి ఉంటది, క్యాపు ఇప్పాలె. పాత క్లిప్పులు, ఇప్పంగ ఇరిగితే రేపటిలోపల ఇంకోటి దొరకది. అందుకే అడుగుతున్న.”

మా ఇంట్లో ఆయుధపూజ పనివాళ్ల చేత చేయించరు. పెద్దకొడుకే చేయాలి. ఒకప్పుడు కత్తులు, తుపాకులు వరసగా పేర్చేవారు. ఇప్పుడు పూజకు ఈ కారు ఒక్కటే ఉంది. బండికి ప్రాణమంతా ఆ నల్ల క్యాపులోంచే వస్తుందని మా నాన్న అనేవాడు. అందుకే అన్నిటికంటే పెద్ద బొట్టు దానికే పెట్టాను, పసుపు చిక్కగా కలిపి. తమలపాకుతో కొబ్బరినీళ్లు చల్లింది కూడా ఆ క్యాపు మీదే. ముల్లుగర్రకు కుంకుమ పెట్టే రైతుకు కూడా అది దేనికి పనికొస్తుందో తెలుసు. నా దగ్గర మంత్రం ఉంది, తెలివి లేదు.

“నేనే,” అన్నాను. “బొట్టు నేనే పెట్టిన. కొబ్బరినీళ్లు గూడ నేనే చల్లిన.”

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నవ్వినవాణ్ని తక్కువగా చూడటం నాకు బాగా చేతనవును.

క్లిప్పులు విరగకుండా తీశాడు. క్యాపు లోపల వెంట్రుకంత నల్లగీత కనిపించింది. నీళ్లు ఎండి, కరెంటు దూకి దూకి కాలిన దారి అది. బ్లేడుతో ఆ నలుపంతా గీకి, పెట్రోలుతో కడిగి, ఎండలో పెట్టాడు. తర్వాత షెడ్డు వెనక ఇంటివైపు తిరిగి గోళ్ల రంగు ఇమ్మని భార్యను కేకేశాడు. నిఖాకు తయారవుతున్నావా అని లోపలినుంచి ఉర్దూలో ఆమె. పటేల్ సాబ్ బండికి అని ఈయన. లోపల గాజులు, నవ్వులు కలిసి వినిపించాయి. ఎర్రటి సీసా వచ్చింది. గీకినచోట ఆ రంగు రెండుసార్లు పూశాడు.

“ఇది ఎండితే అద్దం లెక్క. కరెంటు దుంకది. కొత్త క్యాపు దొరికేదాంక నడుస్తది.”

గురువారం పరీక్షాధికారి గొట్టంలో పైపు పెట్టి మిషను చూశాడు, బ్రేకులు చూశాడు, ఛాసిస్ నంబరు సరిచూసుకున్నాడు. “పాసైంది. బండి జరుపుండ్రి” అన్నాడు. నాలుగు సిలిండర్లూ ఎంత సమంగా పలుకుతున్నాయో ఆయన వినలేదు. వినడం ఆయన పని కాదు. కానీ అది ఎవరైనా వినాలనిపించింది. ఈ ఊళ్లో అది వినగలిగినవాడు నాకు ఒక్కడే తట్టాడు.

తిన్నగా షెడ్డుకు పోనిచ్చాను. మిస్త్రీ చెరకు లారీ కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను దిగలేదు, ఇంజను ఆపలేదు. కాసేపటికి లారీ కిందనుంచి మాట వచ్చింది.

“నాలుగూ పలుకుతున్నయ్, పటేల్ సాబ్. పాసైనట్టేనా?”

“ఆఁ.”

మిస్త్రీలకు మెహర్బానీ అంటూ కృతజ్ఞత చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ రోజు చెప్పవలసింది. లారీ కింద ఉన్న మనిషికి చెప్పాలంటే దిగి, నడుం వంచాలి. నేను వంచలేదు. ఇంజనును ఇంకో రెండు నిమిషాలు అలాగే నడవనిచ్చి, గేరు వేశాను.