తెరచాప తాడు మార్చిన రోజు

2022 వానాకాలం. ఏలూరులో మాది తాళ్ల కొట్టు. తాళ్లు ఎవరైనా అమ్ముతారు, తెగినదాన్ని స్ప్లైస్ చేసేవాళ్లే తక్కువ. స్ప్లైస్ అంటే ముడి కాదు. రెండు తాళ్ల చివర్లు విప్పి, ఒకదాని పేటల్ని రెండోదాని పేటల మధ్య దూర్చి అల్లడం. ముడి అయితే కప్పీలో ఇరుక్కుంటుంది, స్ప్లైస్ సాఫీగా జారుతుంది. ఎవరైనా వచ్చి “ఓ ముడేసి పడెయ్యండి సాయిబు గారూ” అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొల్లేట్లో తెరచాప పడవలు ఇప్పుడు ఒకటీ అరా మిగిలాయి. అలాంటి పడవ ఒకటి ఉన్న నాగరత్నమ్మ గారు, కొడుకు ఏడుకొండల్ని వెంటబెట్టుకుని ఒక లంక నుంచి మా కొట్టుకి వచ్చారు. భర్త పోయి నెల కాలేదు. ఆయన పోయినప్పుడు లంక చుట్టూ వరద నీళ్లు. పాడె కట్టడానికి కొబ్బరి తాడు దొరక్క, తెరచాప తాడు చివర కోశారట. ఇప్పుడది పొట్టిదై చాప పూర్తిగా లేవడం లేదు. కోసినంత మేర ముక్క అతికించాలి. ఆ పడవ కదిలితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

చూడకుండా మాటివ్వనని చెప్పి, మర్నాడు కొత్త తాడు కూడా పట్టుకుని వెళ్లాను. పాత తాడు పైకి బాగానే ఉంది. మెలి విప్పి చూస్తే లోపల నుంచి పిండిలా పొడి రాలింది.

“పనికిరాదమ్మా. మొత్తం మార్చాలి” అన్నాను.

“అలాగనకండీ. దీని ముక్కేనండీ ఆయన్ని ఆఖరికి మోసింది. మనిషిని మోసిన తాడు గుడ్డని మొయ్యదాండీ?”

“పాడెకి కోసిన తాడు మళ్లీ పడవలో ఎందుకే అమ్మా? అరిష్టం” అన్నాడు ఏడుకొండలు.

“నోర్ముయ్యరా! మీ నాన్న చేతులు అరిగిపోయాయి దీని మీద. అరిష్టమంట!”

ఇద్దరూ నా వైపు చూశారు. పనికిరాదని చెప్పడం నాకు రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం రెండోసారి చెప్పడానికి మనసొప్పలేదు. అయినా చెప్పక తప్పుతుందా?

“అమ్మా, నేను వేసే అతుకు ఆగుతుందండీ. దాని పక్కనున్న పాత తాడు ఆగదు. నడి కొల్లేట్లో గాలి ఎత్తుకుంటే అది తెగి, చాపా, దాన్ని కట్టిన పై బొంగూ కలిసి మీ అబ్బాయి నెత్తిన పడతాయి. ఆ పాపం నా చేత చేయించకండి.”

ఆవిడ పడవ అంచున కూలబడి భోరుమన్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, “అయితే దీన్నేం చేస్తారండీ?” అని అడిగారు.

“దీంతో ఇంకో పనుందండీ” అన్నాను.

కప్పీ ఉండేది చాప కొయ్య కొనన, ఆ కొయ్యను దించాలంటే నలుగురు మనుషులు కావాలి. అందుకని పాత తాడు కప్పీలో ఉండగానే దాని చివరకి కొత్త తాడు చివర కుట్టి, రెండో వైపు నుంచి పాతదాన్ని లాగుతాం. అది దిగుతూ కొత్తదాన్ని పైకి తీసుకుపోతుంది. ఆ మాత్రం బరువు పాత తాడు మోస్తుంది. అప్పటిదాకా ఎక్కడైనా ఈ లాగుడు నేనే లాగేవాణ్ణి. అక్కడ మాత్రం కుట్టు బిగించి, పాత తాడు ఆవిడ చేతికిచ్చాను.

“మీరు లాగండమ్మా. నెమ్మదిగా.”

ఆవిడ లేచి నిలబడి రెండు చేతులతో లాగారు. పెదవులు కదులుతున్నాయి, ఏమనుకున్నారో నేను వినలేదు. కొత్త తాడు తెల్లగా పైకి వెళ్లి, కప్పీ దాటి, దిగి వచ్చింది. కుట్టు చేతికి అందగానే ఆవిడ ఆగిపోయారు. కొత్త తాడు కొడుకు చేతిలో పెట్టి, “పట్టుకో నాయనా, వదలకు” అన్నారు.

నేను కుట్టు విప్పాను. అరిష్టమన్న ఏడుకొండలే పాత తాడును చుట్ట చుట్టి తల్లి చేతుల్లో పెట్టాడు.

అంతకు ముందు నేను “మార్చాలి” అనేసి కత్తి తీసేవాణ్ణి. ఇప్పుడు ఏ పడవ దగ్గరికి వెళ్లినా, పాత తాడును ఎవరు లాగుతారని ముందు అడుగుతాను.