బియ్యం డబ్బాలో పాటలు

ప్రతి శుక్రవారం సాయంత్రం రత్మి కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్ తగిలించి, తెర మీద 'జాలరి పాటలు' అని రాసున్న బొమ్మను లాగి అందులో వేసేది. ఆ తర్వాత దాన్ని చేతిరుమాల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచేది. ఇండోనేషియాలోని సెమరాంగ్ ఊరి ఉత్తరపు సందుల్లో సముద్రం పోటెత్తినప్పుడల్లా ఇళ్లలోకి నీళ్లొస్తాయి. అందుకే కంప్యూటర్‌ను కూడా ఇటుకల మీద ఎత్తి పెట్టింది. బడి పంతులమ్మగా రిటైరయ్యాక ఆరేళ్లు గడపగడపకూ తిరిగి, జాలరి ఆడవాళ్లు నలభై మంది చేత పాడించి రికార్డు చేసింది. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు.

మొన్న జూన్‌లో నీళ్లు ఇటుకలను దాటాయి. ఉప్పునీళ్లకు కంప్యూటర్ లోపలి డిస్కు పాడైపోయిందని తెలిసినా ఆమె కంగారుపడలేదు. రుమాలు మూట పట్టుకుని, తన దగ్గర చదువుకుని, ఇప్పటికీ తనను 'ఇబూ', అంటే అమ్మా, అని పిలిచే యూలి రిపేరు కొట్టుకు వెళ్లింది. యూలి పెన్ డ్రైవ్ తెరిచి చూసి, కాసేపు చెవి వెనక గోక్కుంది.

"ఇబూ, ఇందులో పాటల్లేవు, వాటికి దారి చూపే షార్ట్‌కట్ బొమ్మ ఒక్కటే ఉంది. మీరు దాచింది గుమ్మం మీది పేరు పలక. ఇల్లు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయింది."

"ఆరేళ్లూ పలకే దాచానా?"

"రాసింది మళ్లీ చదవలేదని బడిలో మా చెవులు మెలేసేవారు కదా. మీరు ఒక్కసారైనా తెరిచి వినలేదా?"

రత్మి రుమాలును నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. తర్వాత పాడినవాళ్ల కూతుళ్ల ఇళ్లన్నీ తిరిగింది. ఎప్పుడో వాళ్ల ఫోన్లకు తాను పంపిన పాటలు పదకొండు దొరికాయి.

ఇప్పుడు శుక్రవారాల్లో ఆమె యూలి కొట్లో కూర్చుని, కాపీ చేసిన పదకొండు పాటలూ చివరిదాకా వింటుంది. ఒక పెన్ డ్రైవ్ బియ్యం డబ్బాలో ఉంటుంది, ఇంకొకటి యూలి సొరుగులో.