మెయిన్ ఆపింది నేనే

సిద్ధగోరాలోని మా తెలుగు సంఘం కంప్యూటర్‌ను మెకానిక్ పాడుచేశాడని అందరికీ చెప్పాను. అది అబద్ధం.

ఆ రోజు అతను బ్యాకప్‌లోని ఫైళ్లను తిరిగి ఎక్కించడం మొదలుపెట్టి, పూర్తయ్యేదాకా కరెంటు ఆపవద్దని నాకు చెప్పి భోజనానికి వెళ్లాడు. గది వదిలేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపడం ప్లాంటులో ఇరవై ఏళ్లుగా నాకున్న అలవాటు. టీకి లేచి, ఆపేశాను. తిరిగొచ్చి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది.

అంతలో సంఘం పెద్దాయన వచ్చారు. "ఏటయ్యిందిరా?"

"ఆ మెకానిక్ ఏటో నొక్కీసినాడన్నా. మరి లెగట్లేదు."

"ఆడికి సైకిల్ పంచర్లే నయంరా!"

నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. పాపం, అతను రెండు రోజులు కూర్చుని, అంతా మళ్లీ మొదటినుంచి ఎక్కించి నడిపించాడు. అయినా మావాళ్లెవరూ ఆ తర్వాత అతన్ని పిలవలేదు.

మొన్న మాంగో బస్తీలోని అతని కొట్టుకెళ్లి నిజం ఒప్పుకున్నాను. అతను చేతిలో పని ఆపలేదు.

"మెయిన్ ఆపీసినావని నాకా రోజే తెలుసు. నాకెందుకు చెప్తన్నావు? ఆ సంఘం ఆలకి చెప్పు."

అందుకే సంఘం వాళ్లందరూ చదివేలా ఇది రాస్తున్నాను.