తెర వెనక స్పీకరు, పక్కన పెట్టిన మార్కులు

ఇన్నేళ్ళుగా నేను ఈ సంగతి ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరు మాట మార్చారు. అందుకే రాస్తున్నాను.

నేను లౌడ్‌స్పీకర్ ఇంజనీరుని. 2008లో లండన్ శివార్లలో ఒక చిన్న కంపెనీలో చేరాను. స్పీకరు పెట్టె చెక్క ఎంత మందం ఉండాలి, లోపల ఉన్ని ఎంత కూరాలి, కొలతలు సరిగ్గా వచ్చాయా అని చూడటం నా పని. కానీ ఏ స్పీకరు బజారుకి వెళ్ళాలో తేల్చేది కొలతలు కాదు, వినే గది. అక్కడ నల్లటి తెర వెనక స్పీకర్లు పెడతారు. ఏది ఎవరు చేశారో తెలియకుండా కొందరు కూర్చుని విని మార్కులు వేస్తారు. ఆ గదిలోకి నన్నూ పిలిచేవారు, స్పీకర్లు మోయడానికి.

వినేవాళ్ళలో ఒక తెలుగాయన ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, నాకంటే చాలా పెద్ద. అన్నగారూ అని పిలిచేవాణ్ణి. నాకూ ఒక కుర్చీ ఇప్పించమని అడిగితే, "తొందరెందుకు తమ్ముడూ, చెవి కూడా ఆవకాయలాగే ఊరాలి" అనేవారు.

కొన్నేళ్ళకి ఒకరు జబ్బుపడితే నన్ను కూర్చోబెట్టారు. రెండో స్పీకరులో ఆడగొంతు ముక్కులోంచి వస్తున్నట్టు వినిపించింది. తక్కువ మార్కులు వేశాను. మిగతా అందరూ ఎక్కువ వేశారు. తెర తీస్తే అది మా పెద్ద ఇంజనీరు సొంత డిజైను. అతను నవ్వుతూ, "మన ఇంగ్లీషు పాటలు ఇతనికి అలవాటు లేవుగా, ఇతని మార్కులు పక్కన పెడదాం" అన్నాడు. అందరూ తలూపారు. అన్నగారూ ఊపారు.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఆయన నా పక్కన కూర్చుని గొంతు తగ్గించారు.

"నాకూ ముక్కుతో పాడినట్టే ఉంది తమ్ముడూ."

"మరి అన్ని మార్కులెందుకు వేశారు?"

"అది ఆయన డిజైనని మొదటి పాటకే తెలిసిపోలా? ఇన్నేళ్ళు విన్నాం, ఆ మాత్రం పోల్చుకోలేమా?" అని బిస్కెట్ టీలో ముంచుకున్నారు.

అంటే ఆ తెర నా ఒక్కడికే అడ్డం.

ఆ తర్వాత నన్ను మళ్ళీ కూర్చోమనలేదు. స్పీకరు అలాగే బజారుకి వెళ్ళింది, బాగానే అమ్ముడుపోయింది. దాని మీద నాకు కోపం లేదు. నర్సు అయిన నా భార్య తన డ్యూటీల రోటా చూసుకుంటూ, "ఆ కుర్చీ గోల వదలండి. మన సోఫాలో కూర్చుని నా వంటకి మార్కులెయ్యండి, ఎవరూ పక్కన పెట్టరు" అంటుంది. నాకు నవ్వు రాదు.

అన్నగారు రిటైరై లండన్‌లోనే వెంబ్లీలో ఉంటున్నారు. 2019లో ఒక పెళ్ళిభోజనంలో ఎదురైతే ఆ మార్కుల సంగతి అడిగాను. "ఇంకా అదే పట్టుకు వేలాడుతున్నావా? పెరుగన్నం తిను, చల్లబడతావు" అన్నారు.

తిన్నాను. చల్లబడలేదు.

అన్నగారూ, పెద్ద ఇంజనీరుని నేను అడగను. నా చెవి మీద అతనికి నమ్మకం లేదు. మీకుంది. క్యాంటీన్లో నాతో తెలుగులో అన్న ఆ ఒక్క మాట, ఆ గదిలో వాళ్ళతో ఇంగ్లీషులో ఎందుకు అనలేదు? ఈసారి పెరుగన్నం వద్దు. జవాబు చెప్పండి.